కోతపండగలో ఖడ్గమృగం

ప్రేమదాసు గొంతు సంగతి ముందే చెప్పేయాలి. లేకపోతే తర్వాత జరిగింది మీరు ఛస్తే నమ్మరు.

పర్చూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏ చర్చిలో కోతపండగ జరిగినా వేలంపాటకు పిలుపు ఆయనకే. ఆ రోజు భక్తులు పొలంలో పండిన మొదటి పంట తెచ్చి దేవుడి బల్ల ముందు పెడతారు. మిరపకాయల బస్తా, పత్తి మూట, గుమ్మడికాయ, కోడిపుంజు, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ప్రేమదాసు మైకు పట్టుకున్నాడంటే వంకర దోసకాయ కూడా పెళ్ళికొడుకులాగా ఊరేగుతూ వెళ్ళాల్సిందే. ఎండిపోయిన కొబ్బరికాయను ఎత్తి చూపించి, "లోపల నీళ్ళు తక్కువ, ఆశీర్వాదం ఎక్కువ" అని అంటగట్టిన ఘనుడాయన. అంతా అయ్యాక చెయ్యి పైకెత్తి, "అన్నీ అమ్ముడుపోయాయి, స్తోత్రం!" అని ఒక్క కేక పెట్టేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా, ఒక్క కరివేపాకు రెబ్బ కూడా ఆయన చేతిలో మిగల్లేదు. ఆ విషయంలో మనిషికి కాస్త పొగరు. కాస్తేమిటి, బస్తాడు.

ఈ ఏడు సొంత ఊళ్ళో కోతపండగ వచ్చేసరికి ప్రేమదాసు ఊళ్ళో లేడు. తన మిరపకాయలు అమ్ముకోవడానికి గుంటూరు వెళ్ళి, వారం పాటు బస్తాల మీదే పడుకుని, పండగ పొద్దున తొలి బస్సుకు దిగాడు. ఇంటికి కూడా పోకుండా బస్టాపు పంపు దగ్గర మొహం కడుక్కుని నేరుగా చర్చికి వచ్చాడు. బల్ల ముందు సరుకు చూస్తే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఎర్రగా మిరపకాయల కుప్ప, తెల్లగా పత్తి, పచ్చగా గుమ్మడికాయలు. వాటి మధ్యలో, నమ్మండి నమ్మకపోండి, ఒక ఖడ్గమృగం.

బొమ్మేలెండి. దూడంత ఉంది. గోనెపట్టాలతో కుట్టిన చర్మం, మీద బూడిద రంగు, చెవికి ఎర్ర రిబ్బను. ముట్టె మీద రెండు కొమ్ములు, ముందుది మూరెడు, వెనకది బుడిపె. ఎవరో భక్తుడు ముచ్చటపడి చేయించి కానుక ఇచ్చాడనుకున్నాడు ప్రేమదాసు. అప్పటికి జనం ఆవరణలో కూర్చుని ఇడ్లీలు తింటున్నారు. ఆరాధనకు ముందే సరుకును నాలుగు మాటలు పొగిడి పెట్టడం ఆయన అలవాటు. మైకు అందుకున్నాడు.

"ప్రియులారా! ఈ ఏడు మన మందిరానికి ఖడ్గమృగం వచ్చింది! బొమ్మేగా అని తీసిపారేయమాకండి. ఒళ్ళు బొమ్మదే, కొమ్ము మాత్రం అసలుది!"

ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. నాలుక మీద మాట ఉంది, బయట మైకు ఉంది, మధ్యలో ఆపేవాళ్ళు లేరు.

"ఈ కొమ్ము గంధంలాగా అరగదీసి పూశారా, మోకాళ్ళ నొప్పులు మాయం! గోరంత ముక్క చేనుగట్టున కట్టారా, నల్లతామర పురుగు మీ చేలోకి కాదు, మీ సర్వే నంబరులోకి కూడా రాదు!"

అంతే, ఇడ్లీలు తినే చేతులు ఆగిపోయాయి. నల్లతామర పురుగు చేసిన పాడు అంతా ఇంతా కాదు. పూత పూతంతా ఎండబెట్టి, మందులు కొట్టినవాళ్ళనీ కొట్టనివాళ్ళనీ ఒకేలాగా ఏడిపించింది. మిరప రైతు దాని పేరు వింటే నిద్రలోంచి కూడా లేచి కూర్చుంటాడు. అందరికంటే ముందు లేచింది మాత్రం పానకాలు. మంగళగిరిలో చీరల కొట్టున్న పెద్దమనిషి. ఈ చర్చి మిరపకాయలతో పెడితేనే తమ ఇంట్లో పచ్చడి కుదురుతుందని ఏటా వచ్చి మొదటి బస్తా పాడుకుపోతాడు. కొట్టు పెట్టకముందు ఏళ్ళ తరబడి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసిన మనిషి. మగ్గం వదిలినా మోకాళ్ళ నొప్పులు ఆయన్ని వదల్లేదు.

"ప్రేమదాసూ, కొమ్ము నాకు. ఎంతవరకైనా పాడతా," అన్నాడు పానకాలు.

"మొత్తం మీకే అయితే మా చేలు ఏం కావాలండీ? తలా ఒక ముక్క ఇయ్యాల!" అన్నారు రైతులు.

"వెనక కొమ్ము మాది!"

"ఒరేయ్, తోక కూడా పనిచేస్తదా?"

"పనిచెయ్యకపోవడమేంట్రా, రాజా తోక!" అన్నాడు ప్రేమదాసు.

గంట కొట్టేసరికి ఖడ్గమృగాన్ని ముట్టె నుంచి తోక దాకా మాటల్లో కోసి పంచేసుకున్నారు.

ఇదంతా మైకులో వీధి చివరిదాకా వినపడింది. వీధి చివరి నుంచి ఎలీసమ్మ వస్తోంది. ప్రేమదాసు భార్య, సండేస్కూలు టీచరు. ఆవిడ వెనకాల అట్టముక్కల తలలు తగిలించుకుని సింహాలు, గొర్రెలు, ఒక ఒంటె నడుస్తున్నాయి. మైకులో మాటలు విని ఆవిడ నడక మారింది. ఆ నడక చూసి ఒంటె పక్కకు తప్పుకుంది.

మొగుణ్ణి చొక్కా పట్టి చర్చి వెనకాల నీళ్ళ డ్రమ్ము దగ్గరికి లాక్కుపోయింది.

"ఏవయ్యా! నోటికి అడ్డూ ఆపూ ఉండక్కర్లా?"

"ఏమైందే? పండగ పూట ఏంది నీ గోల?"

"అది కానుక కాదయ్యా! సాయంత్రం పిల్లలు వేసే నోవహు ఓడ నాటకంలో లోపల దూరి నడిపించే బొమ్మ. నేనూ పిల్లలూ కూర్చుని మైదాపిండి జిగురుతో నువ్వు లేని వారం రోజులూ అంటించాం. నజీర్ ఆటోలో గుమ్మడికాయలతో పాటు పంపిస్తే, మనోళ్ళు గుమ్మడికాయలతో పాటే దించి బల్లముందు పెట్టారు. చాలనట్టు నువ్వొచ్చి నరికి పంచుతున్నావు!"

ప్రేమదాసు చొక్కా విడిపించుకున్నాడు. "మరి ఆ కొమ్ము?"

"సొరకాయ! మన పెరట్లో ఎండిన సొరకాయ. నల్ల వార్నీషు పూశా."

"వామ్మో." తల గోక్కున్నాడు. "సరేలే, ఇంకోటి ఉండే ఉంటది గదా. దాంతో కానిచ్చెయ్."

ఆ మాటకు ఎలీసమ్మ గొంతు మారింది. కోపం పోయి దుఃఖం వచ్చింది. ఆవిడ కోపమైతే ప్రేమదాసుకు అలవాటే, దుఃఖం అలవాటు లేదు.

"రెండే చేశామయ్యా. ఎందుకంటే లోకంలో ఆ జాతివి ఉన్నవే రెండు. ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాలని, ఆఫ్రికాలో ఒకప్పుడు మందలు మందలుగా తిరిగేవంట. కొమ్ముల కోసం నరికీ నరికీ ఖాళీ చేశారు. ఆఖరికి మిగిలిన మగది ఒకటి ముసలిదై ఆ మధ్య పోయింది. ఇప్పుడు తల్లీ కూతుళ్ళు మిగిలారు, అంతే. రేయింబవళ్ళు తుపాకులు పట్టుకుని మనుషులు వాటి వెంట తిరుగుతుంటారు. ఫోన్లో చూసి నేనూ పిల్లలూ ఏడ్చాం. అందుకే ఓడలోకి ఆ రెండిట్నీ ఎక్కిద్దామనుకున్నాం."

"ఇంతకీ ఆ కొమ్ములో అంత ఏముందే?"

"ఏముంటది? మన గోళ్ళల్లో, వెంట్రుకల్లో ఉండేదే. నీలాంటోడు ఎవడో ఎప్పుడో మైకు పట్టుకుని మోకాళ్ళ నొప్పికి మందని చెప్పుంటాడు. అంతే!"

ప్రేమదాసుకు నోట్లో పచ్చిమిరపకాయ కొరికినంత పని అయింది. ఆయన ఇంతవరకూ తన గొంతు వల్ల జనానికి మేలే జరుగుతోందనుకున్నాడు. ఎండిన కొబ్బరికాయ కొన్నవాడు కూడా నవ్వుకుంటూనే పోయాడు మరి. ఈ గొంతుతోనే ఇంకోచోట ఇంకెవడో ఒక జాతిని అమ్మేశాడంటే ఒళ్ళు జలదరించింది.

ఇద్దరూ పాస్టరు జయరావు గారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన అంగీ గుండీలు పెట్టుకుంటూ అంతా విన్నాడు. మంచివాడే గానీ రూలంటే రూలు.

"బల్ల ముందుకు వచ్చింది దేవుడిదమ్మా. పోయినేడు ఒకాయన తన పుంజు మీద బెంగపెట్టుకుని వెనక్కి అడిగితే నేనే కాదన్నా. పుంజుకో రూలు, ఖడ్గమృగానికో రూలు పెడితే నన్ను ఊళ్ళో తిరగనిస్తారా?"

"పోనీ నేనే పాడుకుంటా," అంది ఎలీసమ్మ.

"తెచ్చినవాళ్ళు పాడకూడదు. పాట నడిపే మనిషి ఇంట్లోవాళ్ళు అసలే పాడకూడదు. నువ్వు రెండూను. ఇంకెవరి చేతైనా పాడించినా పానకాలు గారి ముందు నిలబడగలరా? ఒక్కటే దారి. మూడుసార్లు పిలిచినా ఎవరూ చెయ్యి ఎత్తకపోతే అది తెచ్చినవాళ్ళకు తిరిగిపోతుంది." అని ఆగి, నాలుగు రోజుల నుంచి కడుపులో ఉన్న మాట బయటపెట్టాడు. "అయినా ఎలీసమ్మా, రెండూ ఆడవేమిటమ్మా? ప్రళయానికి ముందు ఓడలోకి ప్రతి జాతిలో మగదొకటి, ఆడదొకటి ఎక్కించమని వాక్యంలో ఉంది గదా."

"మగదాన్ని ఎక్కణ్ణించి తెమ్మంటారు పాస్టరుగారూ?" అంది ఎలీసమ్మ. ఆయన మళ్ళీ గుండీల మీద పడ్డాడు.

ఆరాధన జరుగుతున్నంతసేపూ ప్రేమదాసుకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఎవరూ చెయ్యి ఎత్తకపోతే అంటే ఏమిటి? మిగిలిపోవడం! తన చేతిలో సరుకు మిగిలిపోవడం! రేపు చీరాల దాకా చెప్పుకుంటారు, ప్రేమదాసు పని అయిపోయిందని. భార్య వంక చూశాడు. ఆవిడ ఆయన మనసులో మాట పేజీలు తిప్పినట్టు చదివేసింది. కీర్తన పాడే వంకతో పక్కకు వంగి చెవిలో అంది: "ఒక్కటి మిగిలితే నీ గొంతేం పోదులే. అది పోతే మాత్రం పోయినట్టే."

వేలం మొదలైంది. మొదటి బస్తా పానకాలుదే. తర్వాత పత్తి, గుమ్మడికాయలు, నెయ్యి, పుంజు, అన్నీ చకచకా పోయాయి. మిరపకాయల బస్తాలు ఈడ్చినప్పుడల్లా ఘాటు లేచి చర్చి నిండా తుమ్ములే తుమ్ములు. ఆఖరికి బల్ల ముందు ఖడ్గమృగం ఒక్కటే మిగిలింది. జనం ముందుకు జరిగారు. ఒకాయన చేతిలో రంపం కూడా ఉంది.

ప్రేమదాసు జీవితంలో ఎన్నడూ చెయ్యని పని మొదలుపెట్టాడు. సరుకును తిట్టడం.

"ప్రియులారా, పొద్దున నేను చెప్పింది అబద్ధం. ఇది పనికిమాలిన సరుకు. ఈ కొమ్ము సొరకాయ."

"సొరకాయలు కొయ్యమాకయ్యా ప్రేమదాసూ!" అన్నాడు పానకాలు. చర్చంతా గొల్లుమంది.

"నిజమండీ! ఇదుగో వినండి." కొమ్ము పట్టుకుని ఊపాడు. లోపల గింజలు గలగలమన్నాయి.

"అదీ గుర్తు! అసలైన కొమ్ములోనే గింజలుంటాయంట. యూట్యూబులో చూశా," అన్నాడు రంపం పట్టుకున్నాయన.

"ఓరి మీ దుంపతెగ! అసలైన కొమ్ములో కూడా ఏముండదయ్యా. మన గోళ్ళల్లో ఉండేదే ఉంటది!"

"అయితే గోళ్ళక్కూడా మందు గుణం ఉన్నట్టేగా?" అంది ముందు వరసలో ఒక ముసలమ్మ, తన గోళ్ళకేసి గౌరవంగా చూసుకుంటూ.

"ఏరా, ఈయన కావాలనే తగ్గించి చెప్తన్నాడ్రా. తనకోసం దాచుకుంటన్నాడు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ మాటతో చర్చి వేడెక్కిపోయింది. పొద్దున తోక చాలన్నవాడు కూడా ఇప్పుడు కొమ్మే కావాలంటున్నాడు. ప్రేమదాసుకు చెమటలు పట్టాయి. పొగిడితే కొంటారు, తిడితే ఇంకా ఎగబడి కొంటారు. ఇదెక్కడి జనంరా నాయనా!

అప్పుడు తలుపు దగ్గర కదలిక కనిపించింది. రెండో ఖడ్గమృగం వచ్చి నిలబడింది. లోపల ఇద్దరు పిల్లలు దూరినట్టున్నారు, రెండు పాదాలకు చెప్పులున్నాయి, రెండిటికి లేవు. అది కూతురన్నమాట. బల్ల ముందున్న తల్లి వైపు ముట్టె చాపి అలాగే నిలబడిపోయింది. నవ్వొచ్చే వాలకమే గానీ ప్రేమదాసుకు నవ్వు రాలేదు. పోతే పోయింది పేరు అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే బుర్ర పనిచేసింది.

మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, మెత్తగా, చాలా మెత్తగా అన్నాడు. "ప్రియులారా, ఇది ప్రాణాలకు సంబంధించిన సరుకు. పాటకు ముందు ప్రార్థన చేసుకుందాం. అందరూ తలలు వంచి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించండి."

ప్రార్థన అంటే ఆ చర్చిలో ఇంక మాట లేదు. తలలన్నీ ఒక్కసారిగా వంగాయి. రంపం కిందికి దిగింది. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి పానకాలు కూడా కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. ప్రేమదాసు కూడా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వేలంలో చివరి బెంచీలో కనురెప్ప కదిలినా పట్టుకునే కళ్ళవి.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రములు. ఆకాశ పక్షుల్నీ భూజంతువుల్నీ చేసిన దేవా, ఈ మృగాన్ని కూడా నువ్వే చేశావు ప్రభువా. ముట్టె మీద కొమ్ము నువ్వు పెట్టింది దాని బిడ్డను అది కాపాడుకోవడానికి ప్రభువా, మా మోకాళ్ళకు కాదు."

"అవును ప్రభువా," అన్నారు జనం, అలవాటు కొద్దీ.

"నా నోటితో నేను పాడుచేశాను తండ్రీ. నా నోటితోనే బాగుచెయ్యనియ్యి. ఇప్పుడు నీ సన్నిధిలో ఈ మృగానికి పాట మొదలైంది ప్రభువా."

"అవును ప్రభువా."

"ఎవరూ పాడట్లేదు తండ్రీ. ఒకటోసారి."

"స్తోత్రం."

"ఇంకా ఎవరూ పాడట్లేదు తండ్రీ. రెండోసారి."

పానకాలుకు ఎక్కడో అనుమానం తగిలింది. ఒక కన్ను తెరిచాడు. చుట్టూ వంగిన తలలు, జోడించిన చేతులు. విషయం అర్థమైపోయింది. చెయ్యి విడదీసి పైకెత్తబోయాడు. సరిగ్గా అప్పుడే, మొదటి పాటలో గెలుచుకుని ఆయన పక్కనే పెట్టుకు కూర్చున్న మిరపకాయల బస్తా పని చేసింది. హాఛ్! ఎత్తాల్సిన చెయ్యి ముక్కుకు అడ్డం పోయింది. ఇంకో తుమ్ము. దాని వెనక ఇంకోటి.

"తుమ్మేవాళ్ళను స్వస్థపరచు ప్రభువా. మూడోసారి. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ..."

"ఆమెన్!" అంది చర్చి మొత్తం, పైకప్పు రేకులు అదిరేలాగా. అందరికంటే గట్టిగా అన్నది పాస్టరు జయరావు గారు.

కళ్ళు తెరిచాక కాసేపు ఎవరికీ ఏం జరిగిందో తెలీలేదు. తెలిశాక లేచిన గోల అంతా ఇంతా కాదు.

"అన్యాయం! నేను చెయ్యి ఎత్తాను!" అన్నాడు పానకాలు, ముక్కు తుడుచుకుంటూ.

"ప్రార్థనలో ఉన్నానండీ. కళ్ళు తెరవకూడదు గదా," అన్నాడు ప్రేమదాసు.

"ప్రార్థనలో పాటేమిటయ్యా?" అని పాస్టరుగారు కోప్పడబోయాడు.

"మీరు కూడా ఆమెన్ అన్నారు గదండీ."

"అన్నానే!" అని ఆయన తల పట్టుకున్నాడు. కాసేపటికి ఆ చేతుల చాటున భుజాలు కదలడం చూసి, నవ్వుతున్నాడని అందరికీ తెలిసిపోయింది. "రూలు ప్రకారం ఎవరూ పాడలేదు. తెచ్చినవాళ్ళు తీసుకుపోవచ్చు."

ఇంక మిగిలింది ఆ కేక. ప్రేమదాసు చెయ్యి పైకెత్తాడు. నోరు తెరిచాడు. ఎంత పొగరు తగ్గించుకుందామనుకున్నా మనసు కలుక్కుమంది. "ఒకటి తప్ప అన్నీ అమ్ముడుపోయాయి. స్తోత్రం," అన్నాడు నెమ్మదిగా. పిల్లలు మాత్రం ఈలలు వేశారు. వేషాల్లో ఉన్నారేమో, సింహం ఎవరో ఒంటె ఎవరో తెలీకుండా ఎగిరారు.

భోజనాల దగ్గర పానకాలు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఎలీసమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, ఆయన ఆకు పక్కన చిన్న కాగితం పొట్లం పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"మీకు కావలసిన సరుకేనండీ. అచ్చం అదే. అరగదీసి పూసుకోండి."

పానకాలు ఆశగా విప్పాడు. లోపల గోళ్ళు. పిల్లలందరూ వరసగా కూర్చుని అప్పుడే కత్తిరించిచ్చిన గోళ్ళు.

"ఛీ ఛీ!" అని పొట్లం ఆమడ దూరం విసిరేశాడు.

"ఛీ అంటారేమిటండీ? పొద్దుట్నుంచీ దీనికోసమేగా మీరంతా మా ఖడ్గమృగం మీదికి రంపం తెచ్చారు!"

పానకాలు ఎలీసమ్మ వంకా పిల్లల వంకా చూసి, చివరికి అన్నం పొలమారేలా నవ్వాడు. నవ్వు ఆగాక ఏమనుకున్నాడో, ఆఖరి బస్సు వదిలేసుకుని నాటకం చూసే పోతానన్నాడు. ముందు వరసలో కుర్చీ వేశారు.

సాయంత్రం చర్చి ముందు ట్రాక్టరు ట్రక్కుకు తాటాకులు కట్టి ఓడ చేశారు. జంతువుల్ని మైకులో పిలిచే పని, ఇంకెవరికిస్తారు, ప్రేమదాసుదే. సింహాలు రెండు ఎక్కాయి. గొర్రెలు రెండు ఎక్కాయి. ఒంటె ఒకసారి కిందపడి మళ్ళీ ఎక్కింది. జనం పగలబడి నవ్వుతున్నారు.

"ఖడ్గమృగాలు!" అని పిలిచాడు ప్రేమదాసు.

తల్లీ కూతుళ్ళు వచ్చాయి. ఎర్ర రిబ్బన్లు, ఊగే తోకలు, వార్నీషు మెరుస్తున్న సొరకాయ కొమ్ములు, లోపల గింజల చప్పుడు. జనం చప్పట్లు కొట్టారు. పానకాలు కూడా కొట్టాడు. కొట్టి, మెడ చాచి వాటి వెనకాల వెతికాడు.

"బాగుంది గానీ ప్రేమదాసూ, రెండిటికీ రిబ్బన్లేగా. మగదేదయ్యా?"

ప్రేమదాసు దేనికైనా ఇట్టే జవాబు చెప్పే మనిషి. ఈసారి మాత్రం ముందు మైకు కిందికి దించాడు. తర్వాత జీవితమంతా గర్వంగా అన్న మాటనే, చాలా చిన్న గొంతుతో అన్నాడు.

"అమ్ముడుపోయింది పానకాలు గారూ."

పానకాలు కొట్టిన చేతుల్ని అలాగే మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఖడ్గమృగాలు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ట్రక్కు ఎక్కాయి.